చీమల ఫొటోలకి మారేడుమిల్లా, అరకా?

మారేడుమిల్లి అంటే అందరూ జలపాతాలకీ బొంగులో చికెన్‌కీ వెళ్తారు, నేను పోయిన జనవరిలో చీమల కోసం వెళ్ళా. రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా 80 పైచిలుకు కిలోమీటర్లు, బస్సు చాలు.

మొదటి రోజు దిగిన రిసార్ట్ పేరెందుకులెండి, 3 వేలు తీసుకున్నారు, వ్యూ బ్రహ్మాండం, కానీ లాన్‌కి పురుగుమందు కొడతారట, వెతికి వెతికి ఒక్క చీమ కనపడితే ఒట్టు. 800 ఇచ్చి గైడ్‌ని పెట్టుకుంటే "చీమలేంటి సార్, జలపాతం చూపిస్తా రండి" అని అటే లాక్కెళ్ళాడు.

మర్నాడు ఖాళీ చేసి 900 లాడ్జికి మారిపోయా. గీజర్ లేదు, బకెట్‌తో వేడినీళ్ళిస్తారు, కానీ వెనకాల మామిడిచెట్టు నిండా ఆకులు కుట్టుకుని గూళ్ళు కట్టే ఎర్ర చీమలే! ఎండ పడగానే కొమ్మ మీద బారు మొదలైంది. ఓ మిడత దొరికింది వాటికి, కాలుకో రెండు చీమలు పట్టుకుని తలో వైపుకీ గుంజి కదలకుండా చాపేశాయి, మిగతావి మీదెక్కి కొరకడం, ఇదంతా నేను 100 ఎంఎం మాక్రో లెన్స్‌కి ముందు రేనాక్స్ 250 అనే క్లోజప్ లెన్స్ తగిలించి, ఎఫ్ 11 అపర్చర్‌లో, థర్మోకోల్ కప్పు తొడిగిన ఫ్లాష్‌తో ఊపిరి బిగబట్టి తీస్తున్నా. ఊపిరి తగిలిందా, పొట్ట పైకెత్తి నోరు తెరిచి నావైపు తిరుగుతాయి. కుట్టడానికి వీటికి కొండి ఉండదు, కరిచి ఆ గాటు మీద యాసిడ్ చిమ్ముతాయి, మంట అంతా దానిదే. వంటామె చూసి "చీమలకి కూడా ఫొటోలా బాబూ" అని ఒకటే నవ్వు. ఒడిశాలో మయూర్‌భంజ్ వైపు వీటితోనే చట్నీ చేస్తారు, దానికి 2024లో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు ప్రత్యేకత అనే గుర్తింపు) కూడా వచ్చింది.

అరకు సంగతంటారా, వైజాగ్ నుంచి రైలు ప్రయాణం బాగుంటుంది, రూములు కూడా నీటుగా ఉన్నాయి, కానీ ఆ చలికి తొమ్మిదిన్నర దాకా చీమలు బయటికే రాలేదు. తర్వాత కాఫీ మొక్కల మీద పొలుసు పురుగులు వదిలే తీపి రసం కోసం నల్ల చీమలు మూగాయి, తోట వాళ్ళనడిగి ఓ గంట తీసుకున్నా, అంతే. చలికాలమైతే నా ఓటు మారేడుమిల్లికే.

ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోండి. నేను ఆ మామిడిచెట్టు కిందికి మొదటిసారి లుంగీతో వెళ్ళా.