యువియైటిస్ కంట్లో కొత్త రక్తనాళాలు: ఇంజెక్షన్ మేలా, వాపు తగ్గించే మందులు మేలా?

యువియైటిస్ (కంటి మధ్యపొరలో వాపు) ఉన్నవారికి తిన్నని గీతలు ఉన్నట్టుండి వంకరగా కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. కంటి వెనుక వెలుతురును పట్టే పొర రెటీనా. దాని అడుగున కొత్త రక్తనాళాలు మొలిచి ఉండవచ్చు. వాటి గోడలు బలహీనం. నీరూ రక్తమూ కారి మచ్చ పడితే మధ్యచూపు తిరిగి రాదు. మల్టీఫోకల్ కొరాయిడైటిస్, పంక్టేట్ ఇన్నర్ కొరాయిడోపతీ (రెండూ కంటి వెనుక పొరల్లో వాపు మచ్చలు వేసే యువియైటిస్ రకాలు) ఉన్న కళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. రెండో జబ్బు ఎక్కువగా వచ్చేది హ్రస్వదృష్టి ఉన్న యువతులకు.

కంట్లోకి ఇచ్చే బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్ ఇంజెక్షన్లు నాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకుంటాయి. కారడం త్వరగా తగ్గుతుంది. ముసలితనంలో వచ్చే మాక్యులా (రెటీనాలో మధ్యచూపునిచ్చే భాగం) జబ్బుకు ఇవి ఏళ్ల తరబడి కావాలి. యువియైటిస్‌లో చాలామందికి కొన్ని ఇంజెక్షన్లతోనే సరిపోతుంది. కంట్లో ఇన్‌ఫెక్షన్ ప్రమాదం ఉంది కానీ అరుదు. అసలు లోటు వేరు: నాళాలు ఎందుకు మొలిచాయో ఆ కారణం అలాగే ఉండిపోతుంది.

ఆ కారణం వాపు. దాన్ని పట్టుకునేవి స్టెరాయిడ్లు, రోగనిరోధక శక్తిని అణచే మెథోట్రెక్సేట్, మైకోఫెనోలేట్, అడాలిముమాబ్. స్టెరాయిడ్ వేగంగా పనిచేస్తుంది. దీర్ఘకాలం వాడితే శుక్లం, గ్లకోమా, షుగర్, ఎముకల బలహీనత వెంటపడతాయి. మిగతావి పూర్తిగా పనిచేయడానికి వారాలు, నెలలు పడుతుంది. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే, రోజూ మింగితే ప్రాణాపాయం. అదీ, మైకోఫెనోలేటూ గర్భంలో బిడ్డకు హాని చేస్తాయి కాబట్టి పిల్లలు కావాలనుకునేవారు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. క్షయ, సిఫిలిస్ లేవని తేల్చుకోకుండా వీటిని మొదలుపెట్టడం మరీ ప్రమాదం.

నా ఓటు: మాక్యులా దగ్గర నాళాలు కారుతుంటే ముందు ఇంజెక్షన్. వాపు మందులు పనిచేసేదాకా ఆగితే చూపు నిలవదు. వాపు కూడా రగులుతుంటే రెండూ కలిపే వాడాలి, లేకపోతే నాళాలు మళ్లీ మొలుస్తాయి. వాపు పూర్తిగా చల్లారి ఉంటే ఇంజెక్షన్ ఒక్కటీ చాలు, కానీ కన్నును గమనిస్తూనే ఉండాలి. చిక్కల్లా మామూలు ఓసీటీలో (కాంతితో రెటీనా పొరలను చూపే స్కాన్) వాపు మచ్చా, కొత్త నాళమూ ఒకేలా కనబడవచ్చు. నాళంలో రక్త ప్రవాహాన్ని చూపే ఓసీటీ యాంజియోగ్రఫీ అక్కడ బాగా పనికొస్తుంది.

నాళాలు రెటీనా పైనో, కంటినరం మీదో పుడితే లెక్క మారుతుంది. వాపు వల్లే వచ్చినవైతే స్టెరాయిడ్లతోనే కుంచించుకుపోవచ్చు. పాత నాళాలు మూసుకుపోయి రెటీనాకు రక్తం అందక వచ్చినవైతే, వాపు అదుపు చేస్తూ ఆ భాగానికి లేజర్ కూడా కావాలి.