కాలువగట్టు దారిలో ట్రావెల్ సిస్టమ్: తొమ్మిది నెలలు వాడిన తరువాత

మా అమ్మాయిని ఏడో నెలలో పురిటికి తీసుకువచ్చినప్పుడే, పుట్టబోయే బిడ్డకు కొనవలసిన వస్తువుల జాబితా ఒకటి తనతోపాటు హైదరాబాదు నుంచి వచ్చింది. అందులో అన్నింటికన్నా ఖరీదైనది ట్రావెల్ సిస్టమ్. ఈ పేరు కొత్తగా వింటున్న నా ఈడువారి కోసం అదేమిటో ముందుగా చెబుతాను. చంటిబిడ్డను వెల్లకిలా పడుకోబెట్టే తొట్టి, కాస్త పెద్దయ్యాక కూర్చోబెట్టే సీటు, కారులో బెల్టుతో బిగించే కారు సీటు, ఈ మూడింటిలో ఏది కావాలంటే అది ఒకే చక్రాల చట్రం మీద అమర్చుకొనే ఏర్పాటు ఇది. నిద్రపోయిన బిడ్డను లేపకుండా కారులోంచి సీటుతో సహా తీసి చట్రం మీద పెట్టుకోవచ్చు. రాజమహేంద్రవరంలో ఒక దుకాణంలో 23,500 రూపాయలకు కొన్నాము. శ్రావణమాసంలో మనవరాలు పుట్టింది. మాది కొత్తపేట దగ్గర కాలువగట్టు మీది ఊరు. ఇక్కడి దారుల్లో, ఇక్కడి వానల్లో, ఎండల్లో ఈ బండి ఎలా పనిచేసిందో తెలిస్తే, మా కోనసీమలో కొనబోయేవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మూడింటిలో మేము పెట్టిన డబ్బుకు నిజంగా విలువ చేసింది కారు సీటే. చక్రాల చట్రాన్ని మాత్రం మా వీధి దారిని చూసి ఎంచుకోవలసింది, దుకాణంలోని నున్నటి గచ్చును చూసి ఎంచుకున్నాము.

కొనడానికి వెళ్ళే ముందు నేను చేసిన మంచి పని ఒకటుంది. మాది పాత మండువా ఇల్లు, గుమ్మాలన్నీ ఒకే వెడల్పులో ఉండవు. ఒక పురికొస తీసుకొని వీధి గుమ్మానికి ఒక ముడి, పడకగది గుమ్మానికి ఒక ముడి, కారు డిక్కీ అడ్డానికి ఒక ముడి వేసి సంచిలో పెట్టుకొని వెళ్ళాను. దుకాణంలో కుర్రవాడు మొదట చూపించిన బండి ఎంతో అందంగా ఉంది. వెనుక చక్రాల అడ్డంగా తాడు పట్టి చూస్తే పడకగది ముడిని రెండు వేళ్ళ మేర దాటిపోయింది. "గుమ్మం దగ్గర కాస్త ఎత్తి పక్కకు తిప్పుకుంటే సరిపోద్దండి" అని ఆ అబ్బాయి మర్యాదగానే చెప్పాడు. రోజుకు పదిసార్లు బిడ్డతో సహా ఎత్తి తిప్పడం మోకాళ్ళ నొప్పులున్న నావల్ల కాదు, పచ్చి బాలింతవల్ల అసలే కాదు. తాడుకు సరిపోయిన రెండో బండినే తీసుకున్నాము. డిక్కీలో చట్రం పట్టింది కాని దానితోపాటు ఒక చేతిసంచి తప్ప మరేదీ పట్టడం లేదు. దూరప్రయాణానికి సామాను ఎక్కడ పెడతారన్నది కూడా కొనేనాడే చూసుకోవలసిన సంగతి.

నేను కొలవనిది దారి. మా ఇంటి నుంచి పంచాయతీ సిమెంటు రోడ్డుకు వంద గజాల గ్రావెల్ బాట ఉంది. బండి ముందు చక్రాలు ఆరు అంగుళాల గట్టి ప్లాస్టిక్ చక్రాలు, ఎటుపడితే అటు తిరిగేవి. నామకరణం అయిన మరుసటి వారం, సాయంత్రం చల్లగా ఉందని మొదటిసారి బయటికి తీసుకువెళ్ళాను. పది అడుగులు వేసేసరికి గోలీకాయంత రాయి ఒకటి కుడి చక్రం కింద పడింది. చక్రం అడ్డంగా తిరిగి బిగుసుకుపోయింది, బండి ముందుకు ఒరిగింది, తొట్టిలో బిడ్డ ఉలిక్కిపడి రెండు చేతులూ పైకి లేపింది. దెబ్బేమీ తగలలేదు, కాని నా గుండె చాలాసేపు కుదుటపడలేదు. ఆ తరువాత తెలుసుకున్న ఉపాయం ఏమిటంటే, ఇలాంటి బాటలో ముందు చక్రాలు తిరగకుండా చిన్న మీటతో లాక్ చేసి, బండిని నెట్టకుండా వెనక్కు తిరిగి లాగాలి. పెద్దవైన వెనుక చక్రాలు ముందు రాయి ఎక్కితే కుదుపు బాగా తగ్గుతుంది. అయినా ప్రతిరోజూ బండి లాగుతూ వెనక్కు నడవడం ఒక నడకా?

గతుకుల దారికి పది, పన్నెండు అంగుళాల గాలి టైర్ల బండి సరైనది. పంక్చరు పడుతుందన్న భయంతో చాలామంది దానిని వద్దనుకుంటారు. నగరంలో ఆ భయం సబబే కావచ్చు. మా వైపు ఊరూరా సైకిల్ పంక్చర్లు వేసేవారు ఉన్నారు కాబట్టి అది పెద్ద సమస్య కాదు. గాలి టైరు వద్దనుకుంటే రబ్బరులా మెత్తగా ఉండే ఫోమ్ చక్రాలు మధ్యస్థంగా పనిచేస్తాయి. గట్టి ప్లాస్టిక్ చక్రం మాత్రం సిమెంటు రోడ్డుకు, ఆసుపత్రి వరండాకు, దుకాణాలకు తప్ప పనికిరాదు. బరువు సంగతికి వస్తే, 1965లో ఓవెన్ మెక్‌లారెన్ అనే బ్రిటిష్ విమాన ఇంజనీరు అల్యూమినియం గొట్టాలతో మూడు కిలోలకు లోపే తూగే, గొడుగులా ముడుచుకొనే బండిని రూపొందించిన నాటి నుంచి తేలికదనమే ప్రధానమైన గుణంగా చెలామణి అవుతోంది. విమానమెక్కేవారికి, బస్సెక్కేవారికి అది నిజంగా వరమే. కాని చిన్న చక్రాల తేలిక బండి గ్రావెల్ మీద మరింత ఎగిరిపడుతుంది. మా బండి చట్రం తొమ్మిది కిలోలకు పైన ఉంది, అరుగు మెట్లు దించేటప్పుడు ఇద్దరు పట్టుకోవలసిందే.

కాలువగట్టున నడిపేవారు బ్రేకు గురించి మరీ జాగ్రత్త పడాలి. గట్టు ఎప్పుడూ కాస్త నీటివైపు వాలి ఉంటుంది. ఒక్క తొక్కుతో వెనుక చక్రాలు రెండూ కలిసి ఆగే బ్రేకు ఉన్నదే తీసుకోండి. చక్రానికొక బ్రేకు ఉన్నవాటిలో రెండోది వేయడం మరిచిపోతాము. బండి ఆపినప్పుడు చక్రాలు నీటివైపు కాకుండా గట్టు వెంబడి ఉండేలా నిలపాలి, పిడికి కట్టిన మణికట్టు పట్టీని చేతికి తగిలించుకోవాలి. కూరగాయల సంచి పిడికి వేలాడదీస్తే, బిడ్డను ఎత్తుకున్న మరుక్షణం బండి వెనక్కు తిరగబడుతుంది. సంచిని కింది బుట్టలోనే పెట్టాలి. నర్సాపురం చుట్టాలింటికి వెళ్ళేటప్పుడు సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాము. అక్కడ మాత్రం బిడ్డను ఎత్తుకొని బండిని ముడిచి పట్టుకున్నాము. ఇనుప తట్టు మీద మోటారుసైకిళ్ళ మధ్య బ్రేకును నమ్ముకోవడం నాకు ఇష్టం లేదు. ముడిచేటప్పుడు పిల్లలెవరూ దగ్గర లేకుండా చూసుకోండి. కీళ్ళ మధ్య వేళ్ళు నలుగుతున్నాయని 2009లో అమెరికాలో దాదాపు పది లక్షల మెక్‌లారెన్ కంపెనీ బండ్లకు కీళ్ళ తొడుగులు ఇవ్వవలసి వచ్చింది. కీలు మీద తొడుగు ఉన్నదో లేదో దుకాణంలోనే వేలితో తడిమి చూడవచ్చు.

ఇక కారు సీటు. ఆసుపత్రి నుంచి బిడ్డను అమ్మమ్మ ఒడిలో పెట్టుకొని ఇంటికి తేవడం మన ఆనవాయితీ, నేనూ అలాగే అనుకున్నాను. అల్లుడుగారు మాత్రం "అత్తయ్యగారూ, మీరు పక్కనే కూర్చోండి, పాప మాత్రం సీటులోనే ఉండాలి" అన్నారు. మొదట మనసు చివుక్కుమన్నా, కారణం విన్నాక మరో మాట అనలేదు. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో తలే దాదాపు నాలుగో వంతు, మెడకు ఇంకా బలం ఉండదు. కారు ఒక్కసారిగా ఆగితే ఎంత గట్టిగా పట్టుకున్నా బిడ్డ చేతుల్లో నిలవదు. వెనుకకు తిరిగి ఉన్న సీటులో అయితే ఆ విసురంతా తలకు, మెడకు, వీపుకు కలిపి సీటు డొప్ప మీదకు పోతుంది. జాతీయ రహదారి మీద జొన్నాడ వంతెన దాటి రావులపాలెం వైపు వస్తుంటే లారీల మధ్య ముందు కారు ఒక్కసారి బ్రేకు వేసింది. మా కారూ గట్టిగా ఆగింది, నా తల ముందు సీటుకు తగిలింది. బిడ్డ నిద్ర కూడా లేవలేదు. ఆ క్షణం తరువాత ఒడి అన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

సీటు కొనేటప్పుడు చూడవలసినది పువ్వుల గుడ్డ కాదు, అడుగున అంటించిన ముద్ర. మన దేశపు ప్రమాణం ఏఐఎస్-072. ఐరోపా ప్రమాణానికి సరిపోయిన సీటు మీద వలయంలో ఇంగ్లీషు E అక్షరం, దానితో ఆర్44 గాని ఆర్129 గాని ఉంటుంది. ఆర్44లో చంటిపిల్లల తరగతి 13 కిలోల వరకు, ఆర్129లో బిడ్డ పొడవును బట్టి లెక్క, కనీసం 15 నెలల దాకా వెనుకకు తిరిగే ఉండాలన్నది అందులోని నియమం. వెనుకకు తిరిగి ఉండే ఈ సీటును, ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందువరుస సీటులో ఎప్పుడూ పెట్టకూడదు. మా పాత కారులో పిల్లల సీటును బెల్టు లేకుండా నేరుగా కారుకే బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు లేవు, అయినా మూడు చోట్ల బిగిసే మామూలు బెల్టుతో చక్కగా కట్టవచ్చు. వెనుక మధ్య సీటుకు నడుము బెల్టు మాత్రమే ఉన్న కార్లలో కిటికీ పక్క సీటునే వాడుకోవాలి. బిగించాక బెల్టు పోయే చోట సీటును పట్టుకొని ఊపితే అంగుళానికి మించి కదలకూడదు. బిడ్డ భుజం మీది పట్టీని వేళ్ళతో మడత పెట్టబోతే మడత పడకూడదు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 194బి సెక్షను ప్రకారం, 14 ఏళ్ళలోపు పిల్లలను బెల్టు గాని పిల్లల సీటు గాని లేకుండా కారులో తీసుకువెళితే 1,000 రూపాయల జరిమానా కూడా ఉంది.

మా ఫిర్యాదు ఈ సీటును చట్రంతో కలిపే అడాప్టర్ల విషయంలో. పెట్టె మీది బొమ్మలో సీటు చట్రం మీద కూర్చుని ఉంది, పెట్టెలో మాత్రం అడాప్టర్లు లేవు. అడిగితే విడిగా 1,900 రూపాయలన్నారు, అవి వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. అంటే ట్రావెల్ సిస్టమ్ అన్న పేరుకు అర్థమైన ఆ ఒక్క సదుపాయం, బిడ్డ మరీ పసిగా ఉండి ఆసుపత్రికి తరచు తిరిగిన రోజుల్లోనే మాకు లేకపోయింది. డబ్బు చెల్లించే ముందే పెట్టె విప్పించి, సీటును చట్రం మీద మీ చేతులతో పెట్టి తీసి చూడండి. రెండు వైపులా "టక్" మని వినబడాలి. ఒకసారి మాకు ఎడమవైపే వినబడింది, కుడివైపు కొక్కెం అంచు మీద ఆగిపోయింది. బిడ్డను పెట్టే ముందు ఖాళీ సీటును పైకి లాగి చూడడం మా అమ్మాయికి అలవాటు కాబట్టి తెలిసింది.

కారు సీటు ఉయ్యాల కాదన్నది ఇంట్లో పెద్దవాళ్ళకు గట్టిగా చెప్పవలసిన మాట. సగం కూర్చున్న భంగిమలో పసిబిడ్డ గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి సరిగా ఆడదు. నిద్రపోతోంది కదా అని ఇంట్లోకి తెచ్చి గంటలకొద్దీ అందులోనే ఉంచకూడదు, ఇల్లు చేరగానే తీసి చదునుగా పడుకోబెట్టాలి. దూరప్రయాణంలో రెండు గంటలకు మించకుండా, మరీ పసిబిడ్డ అయితే ఇంకా ముందే ఆగాలి. మూడో నెల దాటాక హైదరాబాదు వెళ్ళినప్పుడు తణుకు, ఏలూరు, విజయవాడ, సూర్యాపేటలలో ఆగుతూ వెళ్ళాము. రోజంతా పట్టింది, పట్టనివ్వండి.

వానాకాలంలో బండికి పట్టిన రేగడి బురద ఆరితే చక్రం ఇరుసు దగ్గర రాయిలా గట్టిపడుతుంది. చక్రాలు ఊడదీసి కడిగి ఆరబెట్టాలి. కిర్రుమంటోందని మా పాలేరు కొబ్బరినూనె పోశాడు, ఆ జిడ్డుకు ఇసుక అంటుకొని మరింత బిగుసుకుంది. ముసురు పట్టిన పది రోజుల్లో సీటు దూది కింద బూజు వచ్చింది. గుడ్డ మొత్తం విప్పి ఉతకడానికి వీలున్న బండే ఈ ప్రాంతానికి పనికివస్తుంది. ఎండాకాలం బాధ మరొక రకం. కారు ఎండలో ఉంటే బెల్టు బొత్తం కాలిపోతుంది, చేత్తో ముట్టి చూశాకే బిడ్డను కూర్చోబెట్టాలి. ఎండ తగులుతుందని బండి మీద దుప్పటో తువ్వాలో కప్పడం చాలామంది చేస్తారు. అది గాలిని ఆపి లోపలి వేడిని పెంచుతుంది కాబట్టి గొడుగు ఒక్కటే చాలు, సాయంత్రం దోమలకు పలచటి దోమతెర వేయవచ్చు.

కొత్తగా కొనేవారు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇది. సొంత కారు ఉండి, ఆసుపత్రికి గాని ఊరికి గాని తరచు తిరిగేవారు ముందు మంచి కారు సీటు విడిగా తీసుకొని, మిగిలిన డబ్బుతో పెద్ద చక్రాల బండి ఒకటి చూసుకోవచ్చు. ఇల్లు, రోడ్డు, డిక్కీ మూడూ అనుకూలిస్తే ట్రావెల్ సిస్టమ్ సుఖమే. ఆటోలలోనే తిరిగే కుటుంబానికి అంత డబ్బు అనవసరం, కారు సీటును ఆటోలో బిగించే వీలే లేదు. కువైట్, దుబాయ్ నుంచి బంధువులు తెచ్చి ఇచ్చిన పాత బండి సంతోషంగా తీసుకోండి. పాత కారు సీటైతే మాత్రం ప్రమాదంలో పడలేదని నమ్మకంగా తెలిసి, అడుగున ముద్రించిన గడువు తేదీ దాటకుండా ఉంటేనే తీసుకోండి.

తొట్టి పని ఆరో నెలతో, బిడ్డ తనంతట తాను లేవబోవడంతో అయిపోయింది, అటక మీద పెట్టాము. మనవరాలు ఇప్పుడు ఎనిమిది కిలోల పైచిలుకు ఉంది. తల మాడుకు, సీటు డొప్ప పై అంచుకు మధ్య అంగుళం జాగా మిగిలేదాకా ఈ సీటు పనికివస్తుంది. పోయిన ఆదివారం చూస్తే ఇంకా నాలుగు వేళ్ళు ఉంది. అది నిండాక, ఇంకొన్నాళ్ళు వెనుకకు తిరిగే ఉండగల పెద్ద సీటు కొనాలని అల్లుడుగారు, నేను అనుకున్నాము. ఆ సీటు మా కారు వెనుక సీటులో పడుతుందో లేదో ఈసారి కారునే దుకాణం ముందుకు తీసుకువెళ్ళి పెట్టి చూస్తాము.