ఫ్రెంచ్స్ కెచప్: విండ్సర్‌లో ఒక మదనపల్లె ఇల్లాలి రివ్యూ

చాలామందికి కావలసింది రుచి గురించే కాబట్టి ముందు ఆ మాట చెప్పేస్తాను. ఫ్రెంచ్స్ టమోటా కెచప్‌లో హైంజ్ కన్నా తీపి కాస్త తక్కువ, పులుపు కాస్త ఎక్కువ. ఉల్లి వాసన కూడా కొంచెం తెలుస్తుంది. చిక్కగా ఉంటుంది, ప్లేటులో నీరు విడవదు. మన కిసాన్ కెచప్‌కు అలవాటు పడ్డవాళ్లకు మొదట్లో చప్పగా అనిపిస్తుంది, ఎందుకంటే కిసాన్‌లో తీపి బాగా ఎక్కువ. సమోసాకి, ఎగ్ పఫ్‌కి, పిల్లలు ఉప్మా పక్కన వేసుకోడానికి చక్కగా సరిపోతుంది. హై ఫ్రక్టోజ్ కార్న్ సిరప్ లేదు, నిల్వ ఉంచే రసాయనాలు లేవు. ధర కూడా హైంజ్‌కి అటూ ఇటూగానే ఉంటుంది, ఆఫర్ పడితే ఇంకా తగ్గుతుంది.

మా ఇంట్లో ఈ సీసా వాడుతున్నది మాత్రం రుచి ఒక్కటే చూసి కాదు. అమెరికా, కెనడాలు ఒకదాని సరుకుల మీద ఒకటి సుంకాలు (దిగుమతి పన్నులు) వేసుకున్న గొడవలో ఈ సీసా కథ కూడా ఉంది. సీసా మీద నూటికి నూరుపాళ్లు కెనడా టమోటాలు అని రాసి ఉంటుంది. ఆ టమోటాలు పండే లీమింగ్టన్, కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో మేముండే విండ్సర్ నుంచి కారులో గంట దూరం కూడా లేదు. నేను మదనపల్లె దగ్గర పుట్టాను. మా నాన్న టమోటా పెట్టిన ఏడాది ధర పలికితే ఇంట్లో కొత్త బట్టలు, పలకకపోతే అప్పు. కోత కూలి, మార్కెట్ యార్డుకి బాడుగ కూడా గిట్టక కాయలు రోడ్డు పక్కన పోసి వచ్చిన రైతులను చూసి పెరిగాను. అదే మదనపల్లెలో 2023 జులైలో కిలో నూటయాభై దాటింది. మిగిలిన కాయను కొని పేస్టు చేసే ఫ్యాక్టరీ ఊరి పక్కన ఉంటే రైతుకు ఎంత తేడానో మా ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు.

లీమింగ్టన్‌కి ఆ ఫ్యాక్టరీ ఉండేది. అమెరికన్ కంపెనీ హైంజ్ 1909లో అక్కడ పెట్టింది. నూరేళ్లకు పైగా ఆ ఊరు దాని చుట్టూనే తిరిగింది. 2013లో హైంజ్ చేతులు మారింది. కొన్నది వారెన్ బఫెట్ కంపెనీ, త్రీజీ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ కలిసి. అదే ఏడాది నవంబరులో లీమింగ్టన్ ఫ్యాక్టరీ మూస్తున్నామని ప్రకటించారు, 2014 జూన్‌లో మూసేశారు. 740 మంది పని పోయింది. కంపెనీతో ఒప్పందం మీద టమోటా వేసే రైతులకు మరుసటి పంట ఎవరికి అమ్మాలో తెలియలేదు. అప్పుడు అమెరికా, కెనడాలు ఒకదాని మీద ఒకటి కొత్త సుంకాలేవీ వేసుకోలేదని గుర్తుపెట్టుకోవాలి. సుంకాలు లేని స్వేచ్ఛా వ్యాపారంలోనే ఆ పని పోయింది. ఇప్పుడు సుంకాల వల్లే అంతా పాడైందని అనేవాళ్లకు నేను ముందు ఈ సంగతే చెబుతాను.

తర్వాత హైబరీ క్యాన్‌కో అనే స్థానిక కంపెనీ ఆ ఫ్యాక్టరీని తీసుకుని సుమారు 250 మందితో మళ్లీ నడిపింది. దానికి ఊతమిచ్చింది కెనడాలో ఉన్న ఒక పాత నిబంధన. ఇక్కడ టమోటా జ్యూస్ అని అమ్మాలంటే టమోటా నుంచే తీయాలి, పేస్టులో నీళ్లు కలిపి చేయకూడదు. అందువల్ల జ్యూస్ కోసం హైంజ్ కూడా మళ్లీ వాళ్ల దగ్గరికే రావలసి వచ్చింది. సుంకం కన్నా ఇలాంటి ఒక్క చిన్న నిబంధన రైతుకు ఎక్కువ మేలు చేసిందని నా నమ్మకం. దీని గురించి టీవీలో ఎవరూ మాట్లాడరు.

ఆ లీమింగ్టన్ పేస్టు కొని ఫ్రెంచ్స్ కెచప్ చేయడం మొదలుపెట్టింది. 2016లో ఒంటారియోలోని ఒరిలియా నుంచి ఒకాయన ఈ సంగతి ఫేస్‌బుక్‌లో రాస్తే లక్ష మందికి పైగా పంచుకున్నారు. ఆ మార్చిలో లోబ్లా అనే పెద్ద కిరాణా దుకాణాల వాళ్లు అమ్మకాలు చాలడం లేదని ఈ కెచప్‌ను షెల్ఫుల నుంచి తీసేయబోతే జనం గోల పెట్టారు. మర్నాటికే నిర్ణయం వెనక్కి పోయింది. అప్పటికి ఆ పేస్టు అమెరికాలోని ఒహాయో వెళ్లి అక్కడ సీసాల్లోకి ఎక్కి తిరిగి వచ్చేది. తర్వాత టొరంటోలోనే సీసాల్లో నింపడం మొదలుపెట్టారు. అంటే జనం మాటకు విలువ ఉంది. ఒక కెచప్ సీసా విషయంలో అది కళ్ల ముందు రుజువైంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాచకుండా చెప్పాలి. ఫ్రెంచ్స్ కెనడా కంపెనీ కాదు. 2017 నుంచి అది అమెరికాలోని మెక్‌కార్మిక్‌ది. అంతకుముందు బ్రిటన్‌కు చెందిన రెకిట్ బెంకైజర్‌ది. మరోవైపు హైంజ్ 2020లో, కెనడాలో అమ్మే కెచప్‌ను మళ్లీ ఇక్కడే, క్యూబెక్‌లోని మౌంట్ రాయల్ ఫ్యాక్టరీలో చేస్తామని ప్రకటించింది. అంటే రెండు సీసాల లాభమూ అమెరికాకే పోతుంది, రెంటిలోనూ కెనడా కూలీల చెమట ఉంది. జెండా చూసి కొనాలనుకునేవాళ్లకు దీంతో తల తిరుగుతుంది. నేను జెండా చూడను. కాయ ఎవరి పొలంలోది, దాన్ని ఎవరు కొన్నారు అన్నదే చూస్తాను. ఆ లెక్కన ఫ్రెంచ్స్‌కే నా ఓటు.

ఈ సీసాకి సుంకాల గొడవ కొత్త కాదు. 2018లో అమెరికా కెనడా ఉక్కు మీద 25 శాతం, అల్యూమినియం మీద 10 శాతం సుంకం వేసింది. బదులుగా ఆ జులై 1న, కెనడా డే నాడు, ఇక్కడి ప్రభుత్వం అమెరికా నుంచి వచ్చే సరుకుల మీద సుంకం వేసింది. 10 శాతం వేసిన వాటిలో కెచప్ ఉంది, నారింజ రసం ఉంది, పెరుగు కూడా ఉంది. ఉక్కుకు జవాబు కెచప్ ఏమిటని అప్పట్లో మా వారు అడిగారు. ఎక్కడ నొక్కితే ఎవరికి నొప్పి పుడుతుందో చూసి, రాజకీయంగా ముఖ్యమైన రాష్ట్రాల్లో తయారయ్యే సరుకులు ఏరి మరీ వేశారు. ఇక్కడ వాటికి బదులు దొరికేవీ చూసుకున్నారు. 2019 మేలో ఇరువైపులా ఎత్తేశారు.

2025ది అలా తేలిగ్గా పోయే గొడవ కాదు. మార్చి 4న అమెరికా చాలా కెనడా సరుకుల మీద 25 శాతం సుంకం వేసింది. అదే రోజు కెనడా 30 బిలియన్ డాలర్ల అమెరికా సరుకుల మీద 25 శాతం వేసింది. వేరుశెనగ బటర్, నారింజ రసం, కాఫీ, బట్టలు, చెప్పులు, ఇంట్లో వాడే యంత్రాలు అన్నీ అందులో ఉన్నాయి. ఒంటారియోలో ప్రభుత్వ మద్యం దుకాణాల్లో అమెరికా సీసాలన్నీ షెల్ఫుల నుంచి దించేశారు. లోబ్లా దుకాణాల్లో సుంకం వల్ల ధర పెరిగిన సరుకు పక్కన ఇంగ్లీషు టీ (T) అక్షరం కనిపించేది. చాలా చోట్ల కెనడా సరుకుకి ఎర్ర మేపుల్ ఆకు అంటించారు. దుకాణంలో మనుషులు సీసా తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆ అక్షరాల్లో తేడా తెలుసుకోవాలి. ఆహారం మీద ప్రాడక్ట్ ఆఫ్ కెనడా అంటే దాదాపు అంతా, కనీసం 98 శాతం, ఇక్కడిదే. మేడ్ ఇన్ కెనడా అంటే చివరి ముఖ్యమైన తయారీ ఇక్కడ జరిగిందని మాత్రమే, ముడిసరుకు ఎక్కడిదైనా కావచ్చు. మేపుల్ ఆకు బొమ్మ ఒక్కదాన్నే నమ్మి బుట్టలో వేసుకోవద్దని నాకు తెలిసినవాళ్లందరికీ చెబుతున్నాను.

విండ్సర్‌లో ఈ గొడవ టీవీలో చూసేది కాదు, వీధి చివర కనిపించేది. నది ఇవతల మేము, అవతల డెట్రాయిట్. కారు విడిభాగాలు పూర్తి కారయ్యేలోపు ఈ సరిహద్దు పలుమార్లు దాటుతాయి. ఏప్రిల్ 3న కార్ల మీద అమెరికా సుంకం అమల్లోకి వచ్చింది. అదే రోజు ఇక్కడి స్టెలాంటిస్ కార్ల ఫ్యాక్టరీని రెండు వారాలు ఆపుతున్నట్టు ప్రకటించారు. మా వారు పనిచేసేది విడిభాగాల షాపులో. ఆ వారాల్లో ఇంట్లో ఖర్చు ఎలా తగ్గించామో తెలుగువాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు.

పక్కింటి పెద్దాయన కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి. అమెరికా సరుకు ఏదీ ఇంట్లోకి రానివ్వనన్నాడు, మాట మీద నిలబడ్డాడు. బ్లూబెర్రీలు కూడా ఇక్కడివి వచ్చేదాకా తినలేదు. గుమ్మానికి ఎల్బోస్ అప్ అని బోర్డు పెట్టాడు. హాకీలో మోచేతులు పైకెత్తి ఎదురు నిలబడమనే మాట అది, గోర్డీ హోవ్ అనే మహా ఆటగాడి పేరుతో ముడిపడ్డది. ఆయన పుట్టింది కెనడాలో, ఆడింది ఎక్కువకాలం డెట్రాయిట్ జట్టుకి. ఇక్కడ నది మీద కట్టిన కొత్త వంతెనకు కూడా ఆయన పేరే పెట్టారు. పెద్దాయన కోపం నాకు అర్థమవుతుంది. ఈ దేశాన్ని అమెరికాకు 51వ రాష్ట్రం అని ట్రంప్ పదేపదే అంటుంటే ఎవరికి మండదు? సుంకం శాతం కన్నా ఆ మాటే ఇక్కడి జనాన్ని ఎక్కువ కదిలించింది. 2025 ఏప్రిల్‌లో కారులో అమెరికా వెళ్లివచ్చిన కెనడావాళ్ల ప్రయాణాలు అంతకుముందు ఏడాదితో పోలిస్తే మూడో వంతుకు పైగా తగ్గాయి. ఏ ప్రభుత్వమూ ఆదేశించకుండా జనం తమంతట తాము చేసిన పని అది.

మా తమ్ముడు ఉండేది అవతలి ఒడ్డున, మిషిగన్‌లోని నోవైలో. వాడి మాట వేరు. "అక్కా, మా ఆఫీసులో కెనడా మీద ఎవరికీ కోపం లేదు. పైన వాళ్లు కొట్టుకుంటే బిల్లు మాకూ వస్తోంది" అంటాడు. సుంకం కట్టేది అవతలి దేశం కాదు, దిగుమతి చేసుకునే కంపెనీ. ఆ కంపెనీ తన లాభం తగ్గించుకుంటుంది లేదా ధర పెంచుతుంది. వాడికది ఉద్యోగంలో లెక్కల ద్వారా తెలిసింది. మేము పండక్కి అటు వెళ్లడం మానలేదు. మరదలు చేసే నువ్వుల అరిసెల మీద సుంకం వేసేవాడు ఇంకా పుట్టలేదు.

విండ్సర్ యూనివర్సిటీలో చదివే మన పిల్లలది మూడో మాట. మా కింద బేస్‌మెంట్‌లో ఉండే గుంటూరు పిల్లాడు "అక్కా, ఎక్కడ తక్కువుంటే అక్కడ కొంటాం, జెండా తింటామా" అన్నాడు. వాడిది తప్పని నేను అనను. ఫీజు కట్టి, అద్దె కట్టి, పార్ట్‌టైమ్ దొరకక తిరిగే పిల్లాడిని దేశభక్తితో సరుకులు కొనమనడం న్యాయం కాదు. ఇక్కడి సరుకు కొనండి అనే పిలుపు చేతిలో డబ్బు ఆడేవాళ్లకు చేసిన పిలుపు. నాయకులు ఆ సంగతి ఒప్పుకొని మాట్లాడితే బాగుండేది.

టమోటా దగ్గరికే మళ్లీ వస్తే, 2025 జులై 14 నుంచి అమెరికా మెక్సికో టమోటాల మీద 17 శాతానికి పైగా సుంకం వేసింది. ఫ్లోరిడా రైతులు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నది అది. వాళ్ల బాధ అబద్ధమని నేను అనను, రైతు ఎక్కడైనా రైతే. కానీ లీమింగ్టన్ గ్రీన్‌హౌసుల్లో కాయ కోసే కూలీల్లో ఎంతమంది మెక్సికో, జమైకాల నుంచి సీజనుకి వచ్చినవాళ్లో ఒకసారి అటు వెళ్లి చూడండి. మూడు దేశాల టమోటానీ కోసే చేతుల్లో మెక్సికోవాళ్లవి చాలా ఉన్నాయి. సుంకాల చర్చల్లో ఆ చేతుల సంగతి ఎవరూ ఎత్తరు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

సెప్టెంబరు 1 నుంచి కెనడా చాలా అమెరికా సరుకుల మీద బదులు సుంకాలు ఎత్తేసింది. ఉక్కు, అల్యూమినియం, కార్ల మీద మాత్రం ఉంచింది. పక్కింటాయన దాన్ని లొంగిపోవడం అన్నాడు. నాకు అలా అనిపించలేదు. వేరుశెనగ బటర్ మీద సుంకం వేస్తే మా వీధిలో ఎవరికీ ఉద్యోగం తిరిగిరాలేదు. ఫ్యాక్టరీలో షిఫ్టు నిలబెట్టే విషయంలో గట్టిగా ఉండాలి, వంటింటి సరుకు జోలికి పోకూడదు.

ఇక కెచప్ లోపాలు కూడా చెబుతాను. పెద్ద సీసా ఫ్రిజ్ తలుపులో సరిగ్గా పట్టదు. సీసా సగానికి వచ్చాక మూత దగ్గర గడ్డకట్టుకుని నొక్కినప్పుడు చిమ్ముతుంది, వారానికోసారి మూత కడగాలి. కారం ఇష్టపడేవాళ్లకు ఉత్తగా నచ్చదు. నేను రెండు చెంచాల కెచప్‌లో అర చెంచా గుంటూరు కారం, దంచిన వెల్లుల్లి, చిటికెడు జీలకర్ర పొడి కలిపి పెడతాను, ఆలూ బజ్జీకి అదిరిపోతుంది. గోబీ మంచూరియాలో వాడేటప్పుడు పులుపు ముందే ఉంటుంది కాబట్టి వెనిగర్ సగానికి తగ్గించండి, అర చెంచా చక్కెర వేయండి. టమోటా చారుకి, పప్పుకి కెచప్ పోసే అలవాటు ఉన్నవాళ్లు మానుకోండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో లీమింగ్టన్ రోడ్ల పక్కన పొలం కాయ బుట్టల్లో పెట్టి అమ్ముతారు. అవి తెచ్చుకుని మాగబెట్టి ఊరపచ్చడి పెట్టుకోండి. ఐదుకి నాలుగున్నర ఇస్తున్నాను.