అగ్గిపెట్టెంత సాన్సా క్లిప్ ప్లస్: పద్నాలుగేళ్లు వాడాక

2011 డిసెంబరులో మా అన్నయ్య డల్లాస్ నుంచి గుంటూరు వచ్చినప్పుడు సూట్‌కేసులోంచి అందరికీ ఏదో ఒకటి తీశాడు. నా వంతుకి వచ్చింది ఒక చిన్న నల్ల ప్లాస్టిక్ ముక్క. నాన్న దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, "ఇదేంట్రా, అగ్గిపెట్టెలా ఉంది" అన్నారు. నిజంగానే అంతే ఉంటుంది. శాండిస్క్ వాళ్ల సాన్సా క్లిప్ ప్లస్ అనే ఎంపీ3 ప్లేయర్. 2009లో వచ్చిన మోడల్, నాది నాలుగు జీబీది. అప్పుడే నాకు విజయవాడలో ఉద్యోగం వచ్చింది. రోజూ గుంటూరు నుంచి రైల్లో వెళ్లి రావాలి. ఆ లెక్కన ఈ సమీక్షలో సగం గుంటూరు ప్యాసింజర్ అనుభవమే అనుకోండి.

బరువు పాతిక గ్రాములు కూడా ఉండదు. అంగుళం తెర, పైన పసుపు పట్టీ, కింద నీలం అక్షరాలు. ఎండలో ఏమీ కనపడదు. మధ్యలో చతురస్రాకారపు నాలుగు వైపుల బటన్, దాని నడుమ ఎంపిక బటన్, కింద ఇంటి బొమ్మతో ఇంకొకటి. పక్కన వాల్యూమ్. ఇంటి బొమ్మ బటన్‌ని కాసేపు నొక్కి పట్టుకుంటే అన్నీ లాక్ అయిపోతాయి. ఇది తెలియక మొదటి వారం బ్యాగు ఒరుసుకున్నప్పుడల్లా పాట మారిపోయేది.

దీని అసలు గొప్పతనం ఆ బటన్లే అని నేనంటాను. మంగళగిరిలో ఎక్కే జనంతో పెట్టె కిక్కిరిసిపోతుంది. ఒక చేత్తో పైన కమ్మీ, భుజాన బ్యాగు, ఇంకో చేతిలో టిఫిన్ డబ్బా. బ్యాగు పట్టీకి తగిలించిన ప్లేయర్ మీదికి బొటనవేలు ఒక్కటి పోతే చాలు, చూడకుండానే పాట మార్చొచ్చు, ఆపొచ్చు, శబ్దం తగ్గించొచ్చు. టీసీ వచ్చి ఎదురుగా నిలబడితే ఆపడానికి అర క్షణం. ఫోన్ అయితే జేబులోంచి తీయాలి, తెర వెలిగించాలి, వేలిముద్ర పెట్టాలి, ఈలోగా ఎవరిదో మెసేజ్ కనపడుతుంది, దానికి జవాబు రాస్తూ రాస్తూ కృష్ణా కెనాల్ దాటేస్తాం. పద్నాలుగేళ్లలో నా ఫోన్లు ఐదు మారాయి. ఏ ఒక్కదాన్నీ నా వేలు ఇంతగా గుర్తుపెట్టుకోలేదు.

ఇక ధ్వని. కొత్తలో అన్నయ్య "దీని సౌండ్ చాలా బాగుంటుందట" అంటే ఇంత చిన్నదాంట్లో ఏముంటుందిలే అనుకున్నాను. తర్వాత దీన్ని పరికరాలు పెట్టి కొలిచినవాళ్లు రాసింది చదివాక విషయం అర్థమైంది. దీని అవుట్‌పుట్ నిరోధం, అంటే ఇయర్‌ఫోన్‌కి కరెంటు వెళ్లే దారిలో ప్లేయర్ పెట్టే అడ్డు, దాదాపు ఒక ఓమ్. మనం మామూలుగా వాడే ఇయర్‌ఫోన్లు పదహారు, ముప్ఫై రెండు ఓమ్‌లవి. ప్లేయర్ వైపు నిరోధం ఎక్కువైతే కొన్ని ఇయర్‌ఫోన్లలో బేస్ ఉబ్బిపోవడమో, పై స్వరాలు పలచబడడమో జరుగుతుంది. ఇందులో అది దాదాపు ఉండదు. ఇయర్‌ఫోన్ ఎలా వాయించాలో అలాగే వాయిస్తుంది. చవక ఇయర్‌ఫోన్ పెడితే చవకగానే వినపడుతుందని కూడా దీనర్థం. నేను మొదట ఆ తప్పే చేసి, ఆర్నెల్లు ప్లేయర్ని తిట్టుకున్నాను.

నాణ్యత ఏమాత్రం తగ్గించకుండా పాటని దాచే ఫ్లాక్ ఫైళ్లు కూడా నేరుగా వాయిస్తుంది. ఒక్కో పాట పాతిక, ముప్ఫై ఎంబీ ఉంటుంది. అదే పాట ఎంపీ3గా కుదిస్తే, అందులో మంచి నాణ్యత అయిన 320 కేబీపీఎస్‌లో కూడా నిమిషానికి రెండున్నర ఎంబీ లోపే. కిటికీ పక్కన సీటు దొరికిన రోజున, పట్టాల చప్పుడు చెవుల్లోకి కొడుతుంటే, ఈ రెంటికీ తేడా నాకైతే తెలియలేదు. ఇంట్లో రాత్రి పదకొండు దాటాక తెలిసినట్టు అనిపించింది. అదీ అనిపించడమే, పందెం మాత్రం కాయను. ఒక సెట్టింగ్ గురించి చెప్పాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఇది మీరు ఏ ప్రాంతం వాళ్లో అడుగుతుంది. యూరప్ అని నొక్కారా, అక్కడి నిబంధనల ప్రకారం వాల్యూమ్‌ని ఒక హద్దు దాటనివ్వదు. పాత వాడకపు ప్లేయర్ కొన్నవాళ్లు శబ్దం తక్కువగా ఉందని గోల పెట్టే ముందు ఇది చూసుకోవాలి.

ప్రాంతం అంటే గుర్తొచ్చింది, రేడియో కథ. ఇందులో ఎఫ్ఎం ఉంది. ఇయర్‌ఫోన్ తీగే దీనికి యాంటెనా, అది తీసేస్తే రేడియో పలకదు. కొత్తలో నాకు 98.3 మిర్చి ఖంగుమని వచ్చేది, 102.2 ఆకాశవాణి రెయిన్‌బో మాత్రం వచ్చేది కాదు. 102.1 దగ్గర గరగర, 102.3 దగ్గర గరగర, మధ్యలో ఆగమంటే ఆగదు. రెండు వారాలు ఆకాశవాణి సిగ్నల్ బాగాలేదనుకున్నాను. అసలు సంగతేంటంటే అమెరికాలో ఎఫ్ఎం స్టేషన్లన్నీ పాయింటు తర్వాత బేసి అంకెతోనే ఉంటాయి: 98.1, 98.3, 98.5 అలా. అన్నయ్య అక్కడ ఆన్ చేసి, అమెరికా అని పెట్టి తెచ్చాడు. కాబట్టి ఇది రెండేసి అడుగులు వేసుకుంటూ 102.2 మీద కాలు పెట్టకుండా గెంతేస్తోంది. ప్రాంతం మార్చగానే వచ్చేసింది. హైదరాబాదులో మా పిన్ని కూతురికి కూడా ఇదే ఇబ్బంది. 101.9 వస్తుంది, వివిధభారతి 102.8 రాదు. ఫోన్లోనే చెప్పి బాగు చేయించాను, ఆ ఒక్క రోజుకి నేను ఇంట్లో ఇంజినీర్ని.

మీడియం వేవ్ దీంట్లో లేదు. నాన్న మొదట అడిగింది అదే.

నాలుగు జీబీ రెండేళ్లు సరిపోయింది. తర్వాత పక్కన మెమరీ కార్డు పెట్టుకునే మైక్రో ఎస్‌డీ గాడి గుర్తొచ్చింది. ఇంత చిన్న పరికరంలో ఆ గాడి ఉండడం, ఆ రోజుల్లో దీనికి పోటీగా ఉన్న ఖరీదైన ప్లేయర్లలో లేకపోవడం, ఇదే దీన్ని ఇన్నేళ్లు బతికించింది. 32 జీబీ కార్డు వేస్తే 320 కేబీపీఎస్‌లో రెండు వందల గంటల పైచిలుకు పాటలు పడతాయి. రోజుకి రెండు గంటల ప్రయాణం అనుకుంటే మూడు నెలల దాకా విన్న పాట మళ్లీ రాదు. అయితే కార్డు మార్చినప్పుడల్లా ఇది పాటల జాబితా మళ్లీ తయారు చేసుకుంటుంది. తెర మీద ఒక గీత నెమ్మదిగా నిండుతూ ఉంటుంది. నిండు కార్డుకి ఓ కాఫీ తాగి రావచ్చు.

64 జీబీ కార్డు కొన్న రోజు మాత్రం మర్చిపోలేను. ఒక వీధి దుకాణంలో సగం ధరకి ఇచ్చాడు, నేనూ ఆశపడ్డాను. కంప్యూటర్లో 64 అనే చూపించింది. పాటలన్నీ ఎక్కించాను, ఎక్కాయి. రైల్లో వింటుంటే మొదటి నాలుగు ఫోల్డర్లు బాగానే ఉన్నాయి, ఐదో దాంట్లో పాట మధ్యలో కీచుమని వేరే పాట. ప్లేయర్ పోయిందని టెన్షన్ పడ్డాను. ప్లేయర్‌ది తప్పు కాదు, కార్డే నకిలీ. లోపల ఉన్నది ఎనిమిది జీబీ, పైకి 64 అని చెప్పేలా మార్చి అమ్ముతారు. నిండాక కొత్తవి పాతవాటి మీదే రాసుకుంటూ పోతుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. కార్డు మొత్తం నింపి, మళ్లీ చదివి, నిజంగా ఎంత ఉందో తేలుస్తుంది. అప్పటి నుంచి ఏ కార్డు కొన్నా, అది ఎంత పేరున్నదైనా, ముందు రాత్రంతా ఆ పరీక్ష పెట్టాకే పాట ఎక్కిస్తాను. ఇంకొకటి, 64 జీబీ కార్డులు ఫైళ్లు సర్దే ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో వస్తాయి. దీనికి అది అర్థం కాదు. ఫ్యాట్32లోకి మార్చాలి.

నిజానికి ఈ ప్లేయర్ పద్నాలుగేళ్లు నిలిచింది రాక్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వల్ల. 2001లో స్వీడన్‌లో కొందరు తమ ఆర్కోస్ ప్లేయర్లో ఉన్న సాఫ్ట్‌వేర్ నచ్చక సొంతంగా రాసుకోవడం మొదలుపెట్టారు. తర్వాత అది ఎన్నో ప్లేయర్లకి పాకింది, క్లిప్ ప్లస్‌కి కూడా. ఎక్కించడానికి నాకు పావుగంట పట్టింది, చేతులు మాత్రం వణికాయి. పాత సాఫ్ట్‌వేర్ పోదు. ఎడమ బటన్ పట్టుకుని ఆన్ చేస్తే అదే వస్తుంది. దీనివల్ల జాబితా కోసం ఎదురుచూడడం పోయింది. నేను కంప్యూటర్లో ఎలా సర్దుకున్నానో అలాగే ఫోల్డర్లు కనపడతాయి. ఈక్వలైజర్‌లో ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత తగ్గించాలో అంకెలతో పెట్టుకోవచ్చు. పాత సినిమా పాటల్లో ఆ సన్నటి బుస నాకు తలనొప్పి తెప్పించేది, దాన్ని కొంచెం కిందికి దించాను. కచేరీ రికార్డింగుల్లో రాగం అయిపోయి కృతి మొదలయ్యే చోట పాత సాఫ్ట్‌వేర్ ఒక చిన్న ఖాళీ ఇచ్చేది. రాక్‌బాక్స్‌లో ఆ అతుకు తెలియదు.

తెలుగు అక్షరాలు మాత్రం రావు. మనవాటి స్థానంలో డబ్బాలు వస్తాయి. కాబట్టి పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవాలి. అప్పుడు 'నా'కి ఒక 'ఏ' పెట్టాలా రెండు పెట్టాలా, 'ళ'ని ఏం చేయాలి, 'ఱ'ని ఏం చేయాలి? నా కార్డులో ఒకే పాట మూడు రకాల స్పెల్లింగులతో మూడు చోట్ల ఉంది. ఒక ఆదివారం కూర్చుని అన్నీ సరిచేద్దామనుకున్నాను. అనుకుని ఎనిమిదేళ్లయింది.

ఇందులో మైకు కూడా ఉంది. నేను దాన్ని లెక్కలోకే తీసుకోలేదు, 2013 సంక్రాంతి దాకా. తెనాలి పక్కన మా అమ్మమ్మ ఊళ్లో, వంటింటి గుమ్మంలో కూర్చుని అమ్మమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ ఏదో పాడుకుంటోంది. పెళ్లిలో అప్పగింతలప్పుడు పాడే పాట. ఫోన్ ఎదురుగా పెడితే "ఎందుకే అది, తీసెయ్" అనేది. దీన్ని పమిట కొంగు అంచున తగిలిస్తే పట్టించుకోలేదు. అదేదో పిన్నీసు అనుకుందో ఏమో. మూడు మధ్యాహ్నాలు, పదకొండు పాటలు. రికార్డింగ్ నాణ్యత గురించి నిజం చెప్పాలంటే అంతంత మాత్రం. బటన్ నొక్కిన టక్కు వినపడుతుంది, చేట చప్పుడు ఉంది, బయట గేదె ఉంది. కానీ కుదించని డబ్ల్యూఏవీ ఫైళ్లుగా దాచుతుంది కాబట్టి తర్వాత కంప్యూటర్లో శుభ్రం చేసుకోవడానికి వీలైంది. ఇవి కార్డులోకి కాకుండా లోపలి మెమరీలోకి వెళ్లాయి. అందుకే ఆ నకిలీ కార్డు పాటలన్నిటినీ మింగినప్పుడు ఈ పదకొండూ మిగిలాయి. అమ్మమ్మ 2016లో పోయింది. ఇప్పుడవి నాలుగు చోట్ల ఉన్నాయి, డల్లాస్‌లో ఒకటి.

దెబ్బలు కూడా తిన్నది. వెనక ఉన్న క్లిప్పు ప్లేయర్ డొప్పతో కలిసిపోయి ఉంటుంది, విరిగితే మార్చలేం. నాది 2015లో రైలు తలుపు సందులో పడి విరిగింది. తప్పు నాదే, దిగే తొందరలో బ్యాగు లాగాను. అప్పటి నుంచి జడకి పెట్టే రబ్బరు బ్యాండుతో కట్టి తగిలిస్తూ వచ్చాను, క్లిప్పు కంటే అదే గట్టిగా ఉంది. బ్యాటరీ కొత్తలో కంపెనీ చెప్పిన పదిహేను గంటలకి దగ్గరగా వచ్చేది. లిథియం బ్యాటరీ ఏదైనా ఏళ్లు గడిస్తే నీరసిస్తుంది, ఇదీ అంతే. ఏడో ఏట నాలుగు గంటలకి పడిపోయింది. విజయవాడలో ఒక మొబైల్ రిపేరు కుర్రాడు మూత ఊడదీసి, ఆ సందులో పట్టే బ్యాటరీ వెతికి అతికించాడు. మొదట "మేడమ్, దీనికి పెట్టే ఖర్చుతో..." అని మొదలుపెట్టాడు. నా మొహం చూసి ఆపేశాడు.

ఛార్జింగ్ తీగ అసలు తలనొప్పి. ఇది మైక్రో కాదు, పాత మినీ యూఎస్‌బీ. దుకాణంలో అడిగితే పిల్లలకి ఆ మాటే తెలియదు. ఇంట్లో పాత డిజిటల్ కెమెరా ఉంటే దాని తీగ పారేయకండి.

ఇప్పుడు ఎవరైనా కొనాలా? కొత్తది దొరకదు, తయారీ ఎప్పుడో ఆగింది. పాతది మంచి స్థితిలో కనపడి, కొంచెం ఓపిక ఉంటే తీసుకోండి. 2011లో వచ్చిన క్లిప్ జిప్‌కి రంగుల తెర, మైక్రో యూఎస్‌బీ ఉన్నాయి, రాక్‌బాక్స్ కూడా ఎక్కుతుంది. వెతికేవాళ్లకి నా మొదటి సలహా అదే. ఆ తర్వాతి క్లిప్ స్పోర్ట్, క్లిప్ జామ్ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉన్నా లోపల వేరే, వాటికి రాక్‌బాక్స్ లేదు. బ్లూటూత్ కావాలనుకునేవాళ్లు ఇటు చూడనే అక్కర్లేదు.

నాది మూడేళ్లుగా నా దగ్గర లేదు. శుక్లం ఆపరేషన్ అయ్యాక నాన్న ఫోన్ తెర చూడలేకపోతే, భాగవత ప్రవచనాలు ఎక్కించి ఇచ్చాను. ఒక్కోటి రెండు గంటలు. పాత సాఫ్ట్‌వేర్‌లో ఆగిన చోటు నుంచి మొదలవ్వాలంటే ఆడియోబుక్స్, పాడ్‌కాస్ట్స్ అనే ఫోల్డర్లలో వేయాలి, రాక్‌బాక్స్‌లో ఏ ఫైలుకైనా ఆ సదుపాయం ఉంది. తెర ఎలాగూ కనపడదు కాబట్టి ప్రతి ఫోల్డర్లో మొదటి ఫైలుగా నా గొంతు పెట్టాను: "నాన్నా, ఇది మూడో స్కంధం." బటన్లు ఆయనకి రెండు రోజుల్లో అలవాటైపోయాయి. 102.2 కూడా ఆయనే వెతుక్కున్నారు. మీడియం వేవ్ లేదన్న మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

కొత్తవి ఎక్కించడానికి ఆదివారం మధ్యాహ్నం నా చేతికిస్తారు. సాయంత్రం ఆరింటికల్లా తిరిగి ఇచ్చేయాలి. ఐదున్నరకే గుమ్మంలో కుర్చీ వేసుకుని ఇయర్‌ఫోన్ చిక్కు తీసుకుంటూ కూర్చుంటారు.