పిల్లల గుండె ఆపరేషన్ వార్డు: ఆరోగ్యశ్రీ కింద మా పాపతో పదమూడు రోజులు

మా పాపకు మూడేళ్లు నిండిన నెలలోనే, అంగన్‌వాడీకి పిల్లల్ని పరీక్షించడానికి వచ్చిన డాక్టరు స్టెతస్కోపు పెట్టి విని, గుండెలో అదనపు చప్పుడు ఉందని, ఆలస్యం చేయకుండా ఎకో (గుండె స్కానింగ్) తీయించమని చెప్పారు. తీయిస్తే గుండె కింది రెండు గదుల మధ్య గోడకు రంధ్రం ఉందని, ఆపరేషన్ తప్పదని తేలింది. పసితనంలో పాలు తాగుతూనే చెమటలు పట్టడం, ఎంత తినిపించినా బరువు పెరగకపోవడం, మాటిమాటికీ న్యుమోనియా రావడం ఎందుకో మాకు అప్పుడు అర్థమైంది. అన్నాళ్లూ దిష్టి తగిలిందనే అనుకున్నాం.

హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ జరిగింది. ఇందులో ఒక ఫిర్యాదు కూడా ఉంది కనుక ఆస్పత్రి పేరు రాయడం లేదు. పథకం మాత్రం మాకు మాట తప్పలేదు. 2007లో మొదలైన ఈ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచారు. ఆహార భద్రత కార్డు, ఆధార్, ఎకో రిపోర్టు తీసుకుని వెళ్తే, పథకం రోగులకు సాయంగా ఆస్పత్రిలో ఉండే ఉద్యోగి అయిన ఆరోగ్యమిత్ర దగ్గరుండి దరఖాస్తు చేయించారు, మూడో రోజుకు అనుమతి వచ్చింది. ఆపరేషన్‌కు, మందులకు, మంచానికి ఒక్క రూపాయి కట్టలేదు. మాకు ఖర్చయిందల్లా బయట గది అద్దె, మా తిండి, పోయిన కూలి. రక్తం ఇవ్వడానికి మాత్రం బంధువులను ముందే సిద్ధం చేసుకోవాలి.

ఇక ఫిర్యాదు. మత్తు ఇచ్చే ముందు కడుపు ఖాళీగా ఉండాలి కనుక అర్ధరాత్రి నుంచి పాపకు ఏమీ పెట్టవద్దన్నారు. ఉదయం ఏడింటికి తీసుకెళ్తామన్నవారు, మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చి, అత్యవసర కేసు రావడంతో మా ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడిందని చెప్పారు. ప్రాణాపాయంలో ఉన్న ఇంకొక బిడ్డను ముందు తీసుకోవడాన్ని ఏ తల్లిదండ్రులూ కాదనరు. అయితే మత్తుకు రెండు గంటల ముందు వరకు మంచినీళ్లు ఇవ్వవచ్చని మాకు మర్నాడు మత్తు డాక్టరు చెబితే గానీ తెలియలేదు. పొద్దున్నే వాయిదా కబురు చెప్పి ఉంటే, కనీసం నీళ్లయినా పట్టనిచ్చి ఉంటే, మూడేళ్ల పిల్ల పదమూడు గంటలు ఆకలికి, దాహానికి ఏడ్చి సొమ్మసిల్లి నిద్రపోయేది కాదు. దీన్ని ఆస్పత్రి వారు వెంటనే సరిదిద్దుకోవాలి.

మర్నాడు ఆపరేషన్ సుమారు నాలుగు గంటలు సాగింది. గుండెను ఆపి, రక్తాన్ని యంత్రం ద్వారా నడిపించి, రంధ్రానికి అతుకు వేస్తామని సర్జన్ ముందురోజే కాగితం మీద బొమ్మ గీసి, మా అత్తమ్మకు కూడా అర్థమయ్యేలా చెప్పారు. ఆ కాగితాన్ని ఆవిడ ఇప్పటికీ దేవుడి గూట్లో దాచుకున్నారు.

నేను ఈ ఆస్పత్రిని నలుగురికీ చెప్పడానికి అసలు కారణం ఐసీయూ నర్సులు. గుండె మీద భారం పడకుండా ఆపరేషన్ తరువాత నీళ్లు కొలిచి ఇస్తారు, తడిసిన డైపరును కూడా తూకం వేసి రాసుకుంటారు. వెంటిలేటర్ తీసిన తరువాత పాప బొంగురు గొంతుతో అడిగిన మొదటి మాట "అమ్మా, నీళ్లు." ఇవ్వవలసినది సిరంజిలో ఐదు మిల్లీలీటర్లు. రాత్రి డ్యూటీ నర్సు ఆ కొంచెం నీటిని ఒకేసారి పోయకుండా, చుక్కచుక్కగా నాలుక మీద వేస్తూ, మధ్యమధ్యలో తడిపిన గాజుగుడ్డతో పెదవులు అద్దుతూ, "ఇదిగో తల్లీ, ఇంకో చుక్క" అంటూ పాప నిద్రపోయేదాకా మంచం పక్కనే నిలబడింది. నా భార్యను కూడా లోపలికి పిలిచి, గొట్టాలకు తగలకుండా పాప చెయ్యి ఎక్కడ పట్టుకోవాలో చూపించింది. బిడ్డను ముట్టుకుంటే ఏమవుతుందోనని వణికిపోతున్న తల్లికి అది ఎంత ధైర్యమో చెప్పలేను.

వార్డుకు మార్చాక ఊపిరితిత్తుల్లో కఫం చేరకుండా రోజూ సబ్బునీటి బుడగలు ఊదించేవారు. చంకల కింద చేతులు పెట్టి ఎత్తవద్దని, ఒక చెయ్యి పిరుదుల కింద, ఇంకొకటి వీపు వెనుక ఉంచి ఎత్తాలని, ఎదురురొమ్ము ఎముక అతుక్కునే ఆరు వారాలు అలాగే చేయాలని చెప్పి, ఇంట్లో ఎవరెవరు పాపను ఎత్తుకుంటారో అడిగి అందరిచేతా అక్కడే ఎత్తించి చూశారు. మా తమ్ముడు రెండుసార్లు తప్పు చేస్తే మూడోసారి కూడా ఓపికగా నేర్పించారు. ఇంటికి పంపేటప్పుడు మందుల వేళలను తెలుగులో రాసి ఇచ్చారు.

వెళ్లేవారు రెండు విషయాలు గుర్తుంచుకోండి. వార్డులో ఒక్కరినే ఉండనిస్తారు కనుక రెండోవారికి దగ్గరలో గది ముందే చూసుకోండి. ఆపరేషన్‌కు ముందు పిల్లల పళ్లు ఒకసారి చూపించండి, ఎందుకంటే పుచ్చుపళ్ల నుంచి రక్తంలోకి చేరిన సూక్ష్మజీవులు గుండెకు ఇన్ఫెక్షన్ తేగలవు. మాకు వాళ్లు చివరి నిమిషంలో చెప్పడంతో పళ్ల డాక్టరు కోసం ఒక పూటంతా తిరగవలసి వచ్చింది.