మా పేట కొత్త లైబ్రరీ: ఐదుకు నాలుగు స్టార్లు

మా పేట లైబ్రరీ కొత్త భవనంలోకి మారి ఆరు నెలలైంది. మా నాన్న వాకర్ పట్టుకుని నడుస్తారు, అందుకని ఏ బిల్డింగ్‌కి వెళ్లినా నా చూపు ముందు మెట్ల మీదికే పోతుంది. ఇక్కడ అసలు మెట్లే లేవు. చాలాచోట్ల ర్యాంపు ఉంటుంది గానీ ఎక్కడో పక్కసందులో, తాళం వేసిన తలుపు ముందు ఉంటుంది. ఇక్కడ పిల్లలూ పెద్దలూ అందరూ వచ్చేది ర్యాంపు మీదుగానే. అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు ఉండాలంటారు. ఇది అంతకన్నా మెల్లగా ఎక్కుతుంది. సగం దూరంలో చదునైన చోటు, అక్కడో బెంచీ. మొదటిరోజు నాన్న ఆ బెంచీ మీద కూర్చుని ముందుకీ వెనక్కీ చూసి, "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదమ్మా" అన్నారు. అప్పట్నుంచి ఒక్కరే వెళ్లొస్తున్నారు. ఈ ఒక్కదానికే నేను ఎన్ని స్టార్లైనా ఇస్తాను.

పుస్తకాలన్నీ కింది అంతస్తులోనే పెట్టారు. పుస్తకాల బరువు తక్కువేం కాదు. మనుషులు కూర్చుని చదువుకునే గదితో పోలిస్తే రాకులుండే నేల రెండింతలైనా బరువు మోయాలి. పాత భవనం పై అంతస్తు అంత బరువుకు కట్టింది కాదు, అందుకే కొత్తగా వచ్చిన పుస్తకాలు ఏళ్ల తరబడి మూటల్లోనే ఉండిపోయేవి. ఇప్పుడు ప్రతి వరసలో ఒక అర ఖాళీగా వదిలారు. గ్రంథాలయం పెరిగే జీవి అని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లోనే చెప్పారు. ఆ మాట మనసులో పెట్టుకుని కట్టినట్టే ఉంది. అన్నిటికన్నా కింది అర నేలకు జానెడు ఎత్తులో ఉంది, నడుం బాగా వంచి వెతుక్కునే బాధ తగ్గింది.

మీటింగ్ హాలుకు, టాయిలెట్లకు బయటినుంచే వేరే తలుపు పెట్టడం మంచి ఆలోచన. లైబ్రరీ మూసేశాక కూడా పేటవాళ్లు వాడుకోవచ్చు. కానీ ఆ హాలు వారంలో ఐదు రోజులు ఖాళీగానే ఉంటోంది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో 2018లో తెరిచిన ఓడి లైబ్రరీలో కుట్టుమిషన్లు, త్రీడీ ప్రింటర్లు కూడా పెట్టారు. అంత కాకపోయినా రెండు కుట్టుమిషన్లు పెడితే ఆ హాలు నిండుతుంది.

ఇక స్టారు ఎందుకు తగ్గించానంటే, చప్పుడు. పిల్లల విభాగానికీ రీడింగ్ రూమ్‌కీ మధ్య అద్దం గోడ ఉంది, కానీ అది సీలింగ్ దాకా వెళ్లలేదు. నేలంతా టైల్స్, పైన కాంక్రీటు. ఒక కుర్చీ జరిపితే గదంతా మోగుతుంది. పిల్లల్ని ఏమీ అనలేం. వాళ్లు గట్టిగా చదువుకోవాలి, నవ్వుకోవాలి, వాళ్ల చోటు అందుకే. నష్టపోతున్నది పరీక్షలకు చదివేవాళ్లు. ఇంట్లో చోటు లేకనే కదా ఇక్కడికి వస్తారు! మొన్న ఒకమ్మాయి రెండు చెవులూ మూసుకుని నోట్స్ చదువుతుంటే చూడలేకపోయాను. అద్దాన్ని పైదాకా పెంచి, సీలింగ్‌కి శబ్దాన్ని పీల్చుకునే పలకలు బిగిస్తే చాలావరకు తగ్గుతుంది. సలహాల పుస్తకంలో రాశాను, లైబ్రేరియన్ గారు నా ఎదుటే చదివి పై అధికారులకు పంపుతానన్నారు.

అది అయ్యేదాకా, నిశ్శబ్దం కావాలంటే బడి వదిలే వేళకు ముందే వెళ్లండి. ఉత్తరం కిటికీల వరసలో కూర్చోండి. అక్కడ ఎండ పేజీ మీద పడదు, వెలుతురు మాత్రం సాయంత్రం దాకా సరిపోతుంది.