చేతి రెయిన్‌గేజా, ఆటోమేటిక్ స్టేషనా: వాన లెక్కకు ఏది మేలు?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి మా క్యాంపస్‌కు వచ్చే తెలుగు జూనియర్లు ఏటా జూన్ రాకముందే ఒకే ప్రశ్న అడుగుతారు. "అక్కా, థీసిస్‌కు ఆటోమేటిక్ వాతావరణ స్టేషన్ డేటా చాలదా? రోజూ పొద్దున్నే వెళ్లి గేజ్ చూడాల్సిందేనా?" రెండేళ్లుగా ఈ రెండింటినీ నేనే చూసుకుంటున్నాను. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేది ఈసారి ఇక్కడ రాస్తున్నాను.

చేతి గేజ్ అంటే గరాటు కింద సీసాలో వాన నీళ్లు పట్టే పరికరం. దాని రీడింగ్ పొద్దున్న 8:30కి. మా మెస్‌లో టిఫిన్ 9కల్లా అయిపోతుంది, కాబట్టి ముందు గేజ్ దగ్గరికి, ఆ తర్వాతే బరా-ఘుగునికి. సీసాలో నీళ్లు కొలత గీతలున్న జార్‌లో పోసి, కన్ను నీటిమట్టానికి సరిగ్గా పెట్టి చదవాలి. పని ఐదు నిమిషాలదే. కానీ ఆదివారమైనా, పరీక్ష ఉన్నా, జ్వరం వచ్చినా తప్పదు. సంక్రాంతికి పర్లాకిమిడి వెళ్లాలంటే వారం ముందే ఎవరినో ఒకరిని బతిమాలి, జార్ చదవడం నేర్పి, పుస్తకం అప్పగించి వెళ్తాను. జనవరిలో వానేం పడుతుందిలే అనుకోవద్దు. వాన లేని రోజు కూడా వెళ్లి చూసి సున్నా రాయాలి. రాయకపోతే అది సున్నా కాదు, ఖాళీ. ఈ తేడా దగ్గరికి మళ్లీ వస్తాను.

ఆటోమేటిక్ స్టేషన్ అడిగేది చాలా తక్కువ. పదిహేను నిమిషాలకోసారి దానంతట అదే రాసుకుంటుంది, మనం ఫైలు దింపుకోవడమే. దాని అసలు బలం మాత్రం టైమ్. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను ప్లస్ టూ చదువుతున్నాను. ఆ వానలకే మా గజపతి జిల్లా బరఘరలో కొండచరియ విరిగిపడి మనుషులు పోయారు. కొండ ఎందుకు జారిందో తెలియాలంటే రోజు మొత్తానికి ఒక అంకె చాలదు. 200 మి.మీ. వాన ఇరవై నాలుగు గంటలు నింపాదిగా పడటం వేరు, నాలుగు గంటల్లో కుమ్మరించడం వేరు. చేతి గేజ్ ఈ రెండింటికీ ఒకే అంకె చూపిస్తుంది. కొండచరియల మీద గానీ, ఏ గంటలో ఎక్కువ వాన పడుతుందన్న దాని మీద గానీ పని చేసేవాళ్లకు ఆటోమేటిక్ లేకుండా కుదరదు.

దాని లోపల గరాటు కింద చిన్న బకెట్ ఉంటుంది, అది నిండి ఒరిగిన ప్రతిసారీ ఒక లెక్క పడుతుంది. దీని లోపాలు అందరికీ తెలిసినవే. కుండపోత పడుతుంటే బకెట్ ఒరిగే క్షణంలో దిగిన నీళ్లు లెక్కలోకి రావు. తుప్పర పడితే బకెట్ నిండకముందే ఆరిపోతుంది. ఇవి కొంతవరకు సరిదిద్దుకోగలిగినవే, వీటి వల్ల నేను దాన్ని తక్కువ చేయను.

నాకు భయం దాని సున్నా అంటేనే. నిరుడు సెప్టెంబరులో నాలుగు రోజులు ముసురు పట్టింది. స్టేషన్ అంకెలు దాచుకునే లాగర్‌లో వరసగా సున్నాలే. బ్యాటరీ బాగుంది, సిగ్నల్ బాగుంది, ఫైలులో ఒక్క గడి కూడా ఖాళీ లేదు. పక్కనే ఉన్న చేతి గేజ్‌లో మాత్రం రోజూ నీళ్లున్నాయి. స్టేషన్ గరాటు విప్పి చూస్తే లోపల కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టింది. చేతి గేజ్ లేకపోతే ఆ నాలుగు రోజులూ నా థీసిస్‌లో పొడి రోజులు అయిపోయేవి. రుతుపవనాలకు విరామం వచ్చిందని విశ్లేషణ కూడా రాసేసేదాన్ని. ఎవరూ తప్పు పట్టలేరు, ఎందుకంటే సున్నా అనేది నిజంగా వచ్చే అంకె. థర్మామీటరు చెడిపోయి 70 డిగ్రీలు చూపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. వాన సున్నా చూపిస్తే రాదు.

చేతి గేజ్‌లో తప్పులు జరగవని కాదు. జార్ ఒంచి చదువుతాం, 8:30కి బదులు 9కి వెళ్తాం, సీసా చిల్లు పడుతుంది. కానీ అక్కడ రోజూ ఒక మనిషి నిలబడి చూస్తాడు. నేల తడిసి ఉంది, జార్‌లో నీళ్లు లేవు అంటే అప్పుడే తెలుస్తుంది. మా నాన్న పాతపట్నం దగ్గర పొలం నుంచి ఫోన్ చేసి "పదునైంది, దుక్కికి దిగాం" అంటే ఆయన అంకె చెప్పకపోయినా మడిలో దిగి చూసి చెప్పిన మాట అది. గేజ్ పుస్తకంలో సున్నా మీద నాకు అలాంటి నమ్మకమే ఉంది. ఒక్కటే ఎంచుకోమంటే నేను చేతి గేజే ఎంచుకుంటాను. ఆటోమేటిక్ తప్పనిసరి అయినవాళ్లు కూడా కనీసం జూన్ నుంచి అక్టోబరు దాకా పక్కన గేజ్ పెట్టుకోండి.

ఉష్ణోగ్రత, గాలి విషయంలో ఆటోమేటిక్‌దే పైచేయి, అందులో వాదన లేదు. శాటిలైట్ డేటా, ఈఆర్ఏ-5 (పరిశీలనలనూ కంప్యూటర్ మోడల్‌నూ కలిపి తయారుచేసే వాతావరణ డేటా) లాంటివి వాడొచ్చా అని కూడా అడుగుతున్నారు. పెద్ద ప్రాంతానికైతే వాడండి. వాటిలో నేలను గళ్లుగా విడగొట్టి గడికో అంకె ఇస్తారు. పావు డిగ్రీ గడి అంటే పాతిక కిలోమీటర్ల పైమాట. 1,501 మీటర్ల మహేంద్రగిరి, దాని కింది మైదానం ఒకే గడిలో పడితే ఒక్క ఊరి వాన గురించి అది చెప్పేదేముంటుంది?

రెండూ పెట్టుకున్నవాళ్లు తేదీల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. గేజ్ పుస్తకంలో నిన్న 8:30 నుంచి ఇవాళ 8:30 దాకా పడినదంతా ఇవాళ్టి తేదీ కింద రాస్తాం. అంటే సాయంత్రం 4కి పడిన ఉరుముల వాన లాగర్‌లో ఇవాళ్టిది, గేజ్ పుస్తకంలో రేపటిది. పైగా లాగర్ గడియారం యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ సమయంలో) ఉంటే దాని రోజు మన పొద్దున్న 5:30కి మొదలవుతుంది. రెండు ఫైళ్లూ కలవట్లేదని టెన్షన్ పడి నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది సమస్య ఇదే. పదిహేను నిమిషాల అంకెలను 8:30 నుంచి 8:30కి కూడితే చాలావరకు కలుస్తాయి.

మరొకటి, ప్రతి ఆదివారం రీడింగ్ అయ్యాక ఆటోమేటిక్ స్టేషన్ గరాటు విప్పి చూడండి. నెలకోసారి నీళ్లు పోసి పరీక్షించండి. గరాటు నోరు 200 చదరపు సెంటీమీటర్లయితే 1 మి.మీ. వాన అంటే 20 మి.లీ. నీళ్లు. 200 మి.లీ. నీళ్లు అరగంటసేపు చుక్కచుక్కగా పోస్తే 0.5 మి.మీ. వానకోసారి ఒరిగే బకెట్ 20 సార్లు ఒరగాలి. పోసిన టైమ్ పుస్తకంలో రాసుకోండి. లేదంటే ఆ 10 మి.మీ. కూడా వాన లెక్కలో కలిసిపోతుంది.